పెడన రోడ్డు మీద గాలి లెక్క

సైకిల్ రేసులకు తయారయ్యేవాళ్లు నమ్ముకునే శిక్షణ పుస్తకాలు చాలావరకు చలిదేశాల్లో పుట్టినవి. బెల్జియంలోనో ఇంగ్లండులోనో కూర్చుని రాసినవాడికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోడ్డెక్కడమే సాహసం. అందుకే ఆ పుస్తకాల్లో చలికాలం అంటే గదిలో స్టాండుకు బిగించిన సైకిలు, చేతులకు రెండేసి తొడుగులు, చక్రాల మీద బురద రేకులు, ఎప్పటికో వచ్చే వసంతం. ఒంట్లో సత్తువ కూడబెట్టుకోవడం చలికాలం పని, దాన్ని రేసుల్లో ఖర్చుపెట్టడం వేసవి పని. ఆ పట్టికను తెచ్చి గుడివాడలో గోడకు అంటించుకుంటే మే నెలలో వడదెబ్బ తగలడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మన చలి సంగతి చూడండి. గుడివాడ, బందరు, దివిసీమల్లో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత మామూలుగా 18–20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. టీ కొట్టు ముందు మంకీ క్యాపులూ మఫ్లర్లూ కనిపిస్తాయి, నిజమే. సముద్రం పక్కన బతికేవాళ్లకు ఆ మాత్రం చలే చలి. సైకిలెక్కి పావుగంట తొక్కాక మాత్రం అంతకంటే మంచి గాలి ఏడాది పొడుగునా వెతికినా దొరకదు. కృష్ణా డెల్టా సైకిలిస్టు తన అసలు వేగం ఎంతో చూసుకోగలిగేది ఈ పది పన్నెండు వారాల్లోనే.

దీనికి ప్రయోగశాల సాక్ష్యం ఉంది. 1997లో స్కాట్లండులోని అబర్డీన్‌లో గాలోవే, మోన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొందరు యువకులను ఒకే తీవ్రతతో, వేర్వేరు రోజుల్లో, 4, 11, 21, 31 డిగ్రీల గదుల్లో ఇక మావల్ల కాదనేదాకా సైకిల్ తొక్కించారు. 11 డిగ్రీల గదిలో సగటున 93 నిమిషాలు దాటి తొక్కారు. 4 డిగ్రీల్లోనూ 21 డిగ్రీల్లోనూ 81 నిమిషాలు. 31 డిగ్రీల్లో 52 నిమిషాలకే చేతులెత్తేశారు. మనకు పనికొచ్చేవి చివరి రెండు అంకెలు. 21 అంటే మన డిసెంబరు ఉదయం. 31 అంటే మనకు ఏడాదిలో చాలా నెలల మధ్యాహ్నం, నడి ఎండాకాలంలో అయితే పొద్దున ఎనిమిదింటికే. అదే మనిషి, అవే కాళ్లు. పది డిగ్రీల తేడా అరగంటను మింగేసింది.

ఎందుకంటే సైకిల్ తొక్కడంలో ఎక్కువ భాగం వేడి పుట్టించడమే. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడలు దాకా చేరేది 20–25 శాతం, మిగతాదంతా వేడిగా మారుతుంది. పెడళ్ల మీద 200 వాట్ల పని చేస్తున్న మనిషి ఒంట్లో 700 వాట్ల దాకా వేడి పుడుతుంది. ఇంట్లో వాడే ఇస్త్రీపెట్టె అంత అన్నమాట, గంటసేపు ఆపకుండా. ఆ వేడినంతా చెమటతోనే వదిలించుకోవాలంటే గంటకు ఒక లీటరు చెమట ఆవిరి కావాలి. కారితే చాలదు, ఆరాలి. మే నెలలో సముద్రపు తేమతో నిండిన గాలిలో చెమట ఆరదు, మోచేతుల మీంచి రోడ్డు మీదికి కారిపోతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్లూ ఉప్పూ మాత్రం పట్టుకుపోతుంది. అప్పుడు గుండె రెండు పనులు మోయాలి. కాళ్లకు రక్తం పంపాలి, వేడి వదిలించడానికి చర్మానికీ పంపాలి. అందుకే వేగం పెరగకపోయినా నాడి పెరుగుతూ పోతుంది. జనవరిలో ఈ తగువు దాదాపు ఉండదు. 20 డిగ్రీల గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఒంటిని తాకుతుంటే సగం పని అదే చేసిపెడుతుంది. గుండెకు కాళ్ల సంగతి చూసుకునే తీరిక దొరుకుతుంది.

మరి వేసవిలో తొక్కిందంతా వృథాయేనా? కాదు. 2010లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో శాంటియాగో లోరెంజో బృందం శిక్షణ పొందిన సైకిలిస్టులను పది రోజులపాటు 40 డిగ్రీల వేడిలో తొక్కించి, తర్వాత చల్లటి గదిలో పరీక్షించింది. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం సుమారు 5 శాతం, నిర్ణీత సమయంలో చేసిన పని 6 శాతం పెరిగాయి. వేడికి అలవాటు పడే క్రమంలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం నెట్టగలుగుతుంది. తర్వాత చేసిన ప్రయోగాలన్నీ ఇంత లాభం చూపించలేదు. పైగా ఆ అలవాటు మూడు నాలుగు వారాల్లో చాలావరకు కరిగిపోతుంది. అయినా డెల్టా మనిషికి ఒక సౌకర్యం ఉంది. మనకు అక్టోబరు కూడా ఉక్కపోతే. ఆ ఉక్కలో తయారైన ఒళ్లు చల్లారకముందే నవంబరు వచ్చేస్తుంది. యూరప్ వాడు దీనికోసం స్నానాల గదిలో హీటరు పెట్టుకుని తొక్కుతాడు. మనకు ప్రభుత్వం తరఫున అనుకోండి, ఉచితం.

రేసర్ అనగానే రంగురంగుల బట్టలూ జట్టు కార్లూ గుర్తొస్తాయి. ఇక్కడి ఔత్సాహికుడికి అవేవీ లేవు. బ్యాంకులోనో బడిలోనో ఉద్యోగం, లేదంటే నెహ్రూ చౌక్ పక్కన దుకాణం, లేదంటే ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం. రాష్ట్రస్థాయి పోటీ ఎక్కడ పెట్టినా రాత్రి బస్సుకు సైకిలు విప్పి సంచిలో సర్దుకుని వెళ్లాల్సిందే. లేదంటే బ్రెవేలనే దూరపు సైకిల్ ప్రయాణాలు ఉన్నాయి. అవి పందేలు కావు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో పూర్తిచేస్తే చాలు, ముందొచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ఒకటే గౌరవం. ఇక తొక్కడానికి దారి సంగతి. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సౌర పలకల కప్పుతో సైకిల్ దారి 2023 అక్టోబరులో తెరిచారు. గుడివాడవాళ్లకు ఉన్నది పామర్రు నుంచి కైకలూరు, భీమవరం వైపు పోయే 165వ నంబరు జాతీయ రహదారి, గుడ్లవల్లేరు మీదుగా పెడన, బందరు పోయే రోడ్డు, కాలవ గట్లు. గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు. కాబట్టి జేబులో ఇంకో ట్యూబు.

ఉద్యోగం ఉన్నవాడికి దొరికేది పొద్దున రెండు గంటలు. ఆ రెండు గంటల్నీ ప్రాణం పోయేలా తొక్కితేనే ఫలితం అనుకోవడం కొత్తవాళ్లకు సహజం. ఓర్పు క్రీడల శిక్షణ పరిశోధన చెప్పేది వేరు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా గంటల తరబడి తొక్కినా కండర కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, కండరం చుట్టూ సన్నటి రక్తనాళాలు అల్లుకుంటాయి, కొవ్వును ఇంధనంగా వాడే అలవాటు పడుతుంది. 1967లో జాన్ హాలోజీ ఎలుకలను రోజూ పరుగెత్తించి వాటి కండరాల్లో మైటోకాండ్రియాల సామర్థ్యం దాదాపు రెండింతలైందని చూపించినప్పటి నుంచీ ఇది తెలిసిన విషయమే. మేటి క్రీడాకారుల శిక్షణ డైరీలు పరిశీలించిన స్టీఫెన్ సైలర్‌కు తేలింది కూడా దాదాపు ఇదే. వాళ్ల సాధనలో నాలుగో ఐదో వంతుల్లో ఒక వంతే కఠినం, మిగతాదంతా చూసేవాడికి షికారులా ఉంటుంది.

ఈ నెమ్మది తొక్కుడు విలువ మన పాతతరానికి కొత్తేమీ కాదు. ఊరి మధ్య గుండ్రంగా ముగ్గు గీసి, వారం రోజులు నేల మీద కాలు పెట్టకుండా సైకిల్ మీదే తింటూ, స్నానం చేస్తూ తిరిగే ప్రదర్శనకారులు ఒకప్పుడు మన పల్లెల్లో వచ్చిపోయేవాళ్లు. వేగంగా తొక్కితే మొదటి రాత్రికే పడిపోతామని వాళ్లకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

నిద్ర మాత్రం చలికాలంలో పెద్ద సమస్య. నెలగంట పెట్టిన రోజు నుంచి గుడి మైకు నాలుగున్నరకే తిరుప్పావై మొదలుపెడుతుంది. అలారం ఖర్చు మిగులుతుందని సంతోషించవచ్చు గానీ, రాత్రి పదకొండు దాకా ఫోను చూసి నాలుగున్నరకు లేచినవాడి కండరాలు కోలుకునే అవకాశమే లేదు. కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, తర్వాత పడుకున్నప్పుడు. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల మధ్య శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అతి తక్కువగా ఉంటుంది. చల్లబడిన కండరం మందంగా ముడుచుకుంటుంది. కాబట్టి లేచీ లేవగానే దౌడు తీయకుండా మొదటి ఇరవై నిమిషాలు పెడళ్లు ఊరికే తిప్పాలి, మోకాళ్లు కప్పుకోవాలి. మంకీ క్యాపు పెట్టుకుంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. ఇంట్లో అమ్మలకు ఈ మాట చెప్పి ఒప్పించడం వేరే సాధన.

ఇక గాలి. సముద్రమట్టానికి పది మీటర్ల అటూ ఇటూ ఎత్తులో ఉండే ఈ నేల మీద ఎక్కడానికి కొండ లేదు, మహా అయితే రైల్వే ఫ్లైఓవరు. బల్లపరుపు నేల మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషి పెట్టే శక్తి ఎటు పోతుందో లెక్కేద్దాం. సైకిలుతో కలిపి 80 కిలోల బరువు, మామూలుగా వంగిన భంగిమ, మాదిరి రోడ్డు అనుకుందాం. టైర్ల ఒరిపిడికి సుమారు 33 వాట్లు పోతాయి, గాలిని చీల్చుకుపోవడానికి 121. మొత్తం 154 వాట్లలో నాలుగింట మూడొంతులు గాలికే. గాలి నిరోధాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. అంటే 30 నుంచి 35కు చేరాలంటే అయిదు కిలోమీటర్ల వేగం కోసం 154 కాస్తా 231 వాట్లు అవుతుంది.

ఇప్పుడు గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వచ్చిందనుకోండి. చెట్ల ఆకులు గలగలమనే గాలి, అంతకంటే ఎక్కువేమీ కాదు. అదే 30 వేగం నిలబెట్టుకోవాలంటే 154కు బదులు 249 వాట్లు కావాలి. అదే గాలి వెనక నుంచి తోస్తే 87 చాలు. వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు దక్కుతుందిలే అనిపిస్తుంది. దక్కదు. గుడివాడ నుంచి పెడన వైపు 25 కిలోమీటర్లు వెళ్లి వెనక్కి వచ్చే మనిషి రెండువైపులా 154 వాట్లే పెట్టాడనుకుందాం. గాలి లేని రోజు సరిగ్గా 100 నిమిషాలు. ఈ చిన్న గాలి ఉన్న రోజు ఎదురుగా వెళ్లేటప్పుడు వేగం 24కు పడి 62 నిమిషాలు పడుతుంది, వెనక గాలితో 36 దాటి 41 నిమిషాల్లో వచ్చేస్తాడు. మొత్తం 103. ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ, వెనక గాలిని అనుభవించే సమయం తక్కువ, అందుకే లెక్క ఎప్పుడూ నష్టంతోనే తేలుతుంది. పక్క నుంచి వచ్చే గాలి కూడా తటస్థం కాదు. సరిగ్గా పక్కవాటుగా 10 కిలోమీటర్ల గాలి వీస్తే ఆరేడు వాట్లు అదనంగా గుంజుకుంటుంది.

ఇక్కడే పెడన రోడ్డు ప్రత్యేకత కనిపిస్తుంది. మ్యాపులో చూస్తే గుడివాడ నుంచి గుడ్లవల్లేరు మీదుగా పెడన దాదాపు సూటిగా ఆగ్నేయంలో ఉంటుంది. బందరు దగ్గర సముద్రతీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. అంటే ఈ రోడ్డు తీరానికి దాదాపు లంబంగా పోతోంది. రాత్రంతా నేల సముద్రం కంటే తొందరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి మెల్లగా కదులుతుంది. పొద్దెక్కాక నేల వేడెక్కి గాలి తిరగబడుతుంది, సముద్రం నుంచి లోపలికి వస్తుంది. ఆకాశం నిర్మలంగా, ఈశాన్యపు గాలి బలహీనంగా ఉన్న జనవరి రోజుల్లో చీకటితో బయల్దేరి బందరులో కాస్త ఆగి పదకొండు తర్వాత వెనక్కి తిరిగితే రెండువైపులా వెనక గాలి దొరికే అవకాశం ఉంది. సముద్రపు గాలి గుడివాడ దాకా చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, కాబట్టి తొందరపడి తొమ్మిదింటికే తిరిగినవాడికి ఈ వరం లేదు. ఆఫీసు ఉన్నవాడికి అసలే లేదు. ఆదివారం లెక్క ఇది.

ఈశాన్య రుతుపవనాల గాలి గట్టిగా వీచే నవంబరు, డిసెంబరు రోజుల్లో కథ మారుతుంది. అప్పుడు పెడన వెళ్లేవాడికి గాలి సరిగ్గా ఎడమ భుజం మీద కొడుతుంది. ముందువాడి చక్రం వెనక, గాలి తగలని నీడలో తొక్కితే మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుందని సైకిలిస్టులందరికీ తెలుసు. పక్కగాలిలో ఆ నీడ ముందువాడి వెనక ఉండదు, గాలి పోయే వైపుకు జరిగిపోతుంది. యూరప్ రేసుల్లో అందుకే రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుస కడతారు. మన రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఆ నీడ కుడివైపు, అంటే లారీలు వచ్చే రోడ్డు మధ్యలో పడుతుంది. వచ్చేటప్పుడు గాలి కుడి నుంచి కాబట్టి నీడ ఎడమ అంచు వైపు పడుతుంది. జట్టుగా వెళ్లేవాళ్లకు ఇది ప్రాణాల మీది లెక్క. వెళ్లేటప్పుడు ఒకరి వెనక ఒకరు, నీడ దొరక్కపోయినా సరే. వచ్చేటప్పుడు వెనకవాడు కాస్త ఎడమకు జరగవచ్చు, రోడ్డు అంచు కొరుక్కుపోని చోట.

చల్లటి గాలికి ఇంకో చిన్న ఖరీదు ఉంది. 40 డిగ్రీల గాలి కంటే 20 డిగ్రీల గాలి సుమారు ఏడు శాతం చిక్కన. అందుకే అదే శ్రమకు చలికాలంలో స్పీడోమీటరు కొంచెం తక్కువ చూపిస్తుంది. 1972లో ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టడానికి మెక్సికో నగరం దాకా వెళ్లింది ఎత్తులో గాలి పలచగా ఉంటుందనే. గుడివాడది దానికి పూర్తిగా అవతలి కొస. సముద్రమట్టపు చిక్కటి గాలిలో 30 తొక్కేవాడు తనను తాను తక్కువ చేసుకోనక్కర్లేదు.

తెల్లవారుజామున బయల్దేరేవాడికి గాలి కంటే ముందు ఎదురయ్యేది మంచు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని తాకిన గాలి చల్లబడుతుంది. పక్కనే తడి మాగాణులు, కాలవలు, చేపల చెరువులు. కావలసినంత తేమ. కలిస్తే పొగమంచు. ఈ మంచే కోత ముందు చేలో చల్లిన మినుముకు నీటిబొట్టు లేని రోజుల్లో ప్రాణం పోస్తుంది. సైకిలిస్టుకు మాత్రం కళ్లద్దాలు మూసేస్తుంది. పొద్దు పొడిచాక పలచబడాల్సింది పోయి ఒక్కసారి దట్టమవుతుందని ఈ రోడ్ల మీద తిరిగేవాళ్లు అంటుంటారు, అది భ్రమ కాదు. తొలి ఎండకు గాలిలో కదలిక మొదలై, నేలబారు తేమను పైకి కలిపేసరికి కాసేపు మంచు మందమవుతుంది. ఆ అరగంట టీ కొట్టు దగ్గర గడపడం మంచిది.

సూర్యుడి విషయంలోనూ ఒక తిరకాసు ఉంది. అతి చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో. అప్పుడు గుడివాడలో సూర్యోదయం 6:30కు. కానీ సూర్యుడు అన్నిటికంటే ఆలస్యంగా లేచేది సంక్రాంతి వెళ్లాక, జనవరి మూడో వారంలో, 6:38 ప్రాంతంలో. భూమి వాలు వల్లా, సూర్యుడి చుట్టూ దాని దారి పూర్తి వృత్తం కాకపోవడం వల్లా గడియారపు మధ్యాహ్నానికీ అసలు మధ్యాహ్నానికీ రోజురోజుకూ తేడా వస్తుంటుంది. సంక్రాంతి దాటింది కదా అని లైటు ఇంట్లో పెట్టి రావద్దని దీని అర్థం.

లైటు ఒక్కటే సరిపోదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు రాత్రి రోడ్డు మీద డ్రైవర్లకు సైకిలిస్టులను చూపించి గుర్తుపట్టగలరేమో పరీక్షించారు. నల్లబట్టలు వేసుకున్నవాళ్లను గుర్తించింది 2 శాతం సందర్భాల్లో. పగలు కళ్లు చెదిరే ఫ్లోరసెంట్ జాకెట్టుకు 15 శాతం, ఎందుకంటే అది మెరవడానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. హెడ్‌లైటు వెలుగును తిప్పికొట్టే జాకెట్టుకు 50. దానికి తోడు మోకాళ్లకూ చీలమండలకూ అలాంటి పట్టీలే కట్టుకుంటే 90. పైకీ కిందికీ ఆడే రెండు మెరుపులను చూడగానే మెదడు ఇది మనిషి అని పోల్చేస్తుంది. ఫ్యాన్సీ సైకిలు కంటే ముందు కొనవలసినవి ఈ పట్టీలు. వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు తిరిగే రోడ్ల మీద మరీ.

డిసెంబరులో రోడ్డు మీద ధాన్యం ఉంటుంది. కొనుగోలు కేంద్రం తేమ 17 శాతం దాటితే ఒప్పుకోదు, కోత మిషను నుంచి వచ్చిన వడ్లు అంతకంటే తడిగా ఉంటాయి. చాలామంది రైతులకు ఆరబోసుకోవడానికి కల్లాలు మిగల్లేదు. నల్లటి తారు ఎండను బాగా పీల్చుకుంటుంది కాబట్టి సగం రోడ్డు మీద వడ్లు పరిచి, అంచున రాళ్లు పెడతారు, రాత్రికి కుప్ప చేసి బరకం కప్పుతారు. చట్టం ఏమన్నా ఆ నెల రోడ్డు రైతుది అనే నా అభిప్రాయం. దానికి తగ్గట్టు వేగం తగ్గించుకోవడం మన పని. మంచులో చూపు ఆనేది 20 మీటర్లనుకుంటే, 30 వేగంతో వెళ్లేవాడు కుప్పను చూసి బ్రేకు నొక్కేలోపే 8 మీటర్లు దాటిపోతాడు. తడిసిన రోడ్డు మీద ఆగడానికి ఇంకో 14. లెక్క సరిపోలేదు చూశారా, రెండు మీటర్లు కుప్పలోకి వెళ్లిపోయాడు. అదే 20 వేగంతో అయితే కుప్పకు ఎనిమిది మీటర్ల ఇవతలే ఆగుతాడు.

పొగ గురించి రెండు మాటలు. చలి రాత్రుల్లో నేలబారున చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటాయి. తగలబెట్టిన గడ్డి పొగ, చెత్త పొగ పైకి పోలేక అక్కడే తిరుగుతుంది. కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలిస్తే గట్టిగా తొక్కేవాడు 60, 80 లీటర్లు పీలుస్తాడు, అదీ నోటితో, ముక్కు వడపోత లేకుండా. చలిదేశాల్లో పొడి శీతలగాలి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకునే క్రీడాకారులతో పోలిస్తే మన తేమ గాలి మేలే, పొగ లేనంతవరకు. భోగి తెల్లవారుజామున మాత్రం సైకిలు ఇంట్లోనే ఉంచి మంట దగ్గర కూర్చోండి.

తిండి విషయంలో ఖరీదైన జెల్ పొట్లాల మోజు ఇక్కడికీ వచ్చింది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం 400–500 గ్రాములు. గట్టిగా తొక్కితే రెండు గంటలకు అడుగంటుతుంది. పేగులు గంటకు 60 గ్రాముల దాకా గ్లూకోజును లోపలికి పంపగలవు. ఫ్రక్టోజుకు వేరే ద్వారం ఉంది కాబట్టి రెండూ కలిపితే 90 దాకా పోతుంది. పంచదార అంటేనే సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. సీసా నీళ్లలో అయిదు పెద్ద చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, అర నిమ్మకాయ. ఉయ్యూరు ప్రాంతపు చెరకు ఉండగా విదేశీ పొట్లం దేనికి? బందరు లడ్డు మాత్రం తొక్కేటప్పుడు వద్దు. అందులోని నెయ్యి కడుపులో ఆలస్యం చేస్తుంది. తిరిగొచ్చాక అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

సైకిలుకు ఈ కాలంలో జరిగే నష్టం రాత్రిపూట జరుగుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, మన చెమటలోని ఉప్పు చైను మీద పేరుకుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే తేమను పీల్చుకుని ద్రవమవుతుంది. డెల్టాలో చలికాలపు రాత్రి తేమ 90 దాటడం మామూలే. అంటే వాన పడకపోయినా చైను రాత్రంతా ఉప్పునీటిలో నానుతున్నట్టే. శుభ్రంగా నూనె పట్టించిన చైను మన శ్రమలో 98 శాతం దాకా చక్రానికి చేరుస్తుంది, తుప్పు పట్టింది కొన్ని వాట్లను కిరకిరలుగా మార్చేస్తుంది. మంగినపూడి బీచి దాకా వెళ్లొచ్చిన సాయంత్రం తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నూనె వేయడం పావుగంట పని. టైర్లలో గాలి రాయిలా కొట్టించే అలవాటు కూడా మానుకోవాలి. ట్రాక్టర్ల దమ్ము చక్రాలు చెక్కేసిన తారు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ శక్తిని వృథా చేస్తుంది. 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు, కొంచెం మెత్తగా, అదే వేగంగా పోతుంది.

ఇంత చేశాక ఒంట్లో ఏమైనా మారిందా అని చూసుకోవాలంటే జనవరి చివరి పది రోజులు సరైన సమయం. పవర్ మీటరు లేనివాడికి గడియారమే గతి, గడియారాన్ని గాలి మోసం చేస్తుంది. శక్తికీ వేగానికీ ఉన్న సంబంధం వల్ల కాళ్ల బలం 5 శాతం పెరిగితే వేగం పెరిగేది 2 శాతమే. నవంబరులో 100 నిమిషాలు పట్టిన పెడన దారి ఇప్పుడు 98 నిమిషాల్లో పూర్తవుతుంది. మూడు నెలల సాధనకు రెండు నిమిషాలు. పైన చూసిన చిన్న గాలి ఒక్కటే మూడు నిమిషాలు తినేస్తుంది. కాబట్టి ఒక్క ఉదయపు అంకె చూసి ఎగిరి గంతేయడమూ కుంగిపోవడమూ రెండూ దండగే. మంచు విడిపోయి సముద్రపు గాలి ఇంకా లేవని ఏడున్నర, తొమ్మిదిన్నర మధ్య, అదే రోడ్డు మీద రెండువైపులా, అదే బట్టలు, అదే టైరు గాలితో, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు తొక్కి, ప్రతిసారీ రానూపోనూ కలిపిన సమయాన్నీ సగటు నాడినీ రాసుకోవాలి. సమయం అంతే ఉండి నాడి తగ్గినా అది మెరుగుదలే. మార్చి దాకా ఆగితే మాత్రం ఎండ ముదిరి, దక్షిణపు గాలి పొద్దున్నే లేచి, నవంబరు అంకెతో పోల్చడానికి ఏమీ మిగలదు.